సునామీ వెళ్ళిపోయాక



2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సుమత్రా దీవి దగ్గర సముద్రగర్భంలో పెద్ద భూకంపం వచ్చింది. దాని తీవ్రత 9.1. సుమారు రెండున్నర గంటల్లో అలలు తమిళనాడు తీరాన్ని తాకాయి. తమిళంలో ఆళిప్పేరలై అనే మాట మీరు వినే ఉంటారు. సునామీ జపాను మాట. రేవు అల అని దాని అర్థం.

అల వెళ్ళిపోయాక ఏమవుతుంది? వానలు తప్పుతాయా? తుఫాన్లు పెరుగుతాయా? ఆ భయం అక్కర లేదు. తుఫాను పుట్టాలంటే విశాలమైన సముద్రంపై నీరు సుమారు 26.5 డిగ్రీలకు పైగా వేడెక్కి ఉండాలి. గాలీ, తేమా అనుకూలించాలి. సునామీ నీటిని ఊపుతుందే గాని, సముద్రం వేడిని మార్చదు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు సునామీ వచ్చింది, తర్వాత లోకమంతా కొంత చల్లబడింది కూడా. అయితే ఆ చల్లదనం ఆకాశానికెగసిన గంధకపు వాయువుల వల్ల వచ్చింది, అల వల్ల కాదు.

సముద్రం మాత్రం ఒక్క రోజులో కుదుటపడదు. నీరు తీరాల మధ్య తగిలి తిరిగి వస్తూ ఉంటుంది. 2004లో ఆ హెచ్చుతగ్గులు కొన్ని రోజులపాటు కొలమానాల్లో కనబడ్డాయి. మొదటి అలే పెద్దదని నమ్మరాదు. మహాబలిపురంలో ఇసుక కొట్టుకుపోయి పాత శిల్పాలు బయటపడ్డాయి. నికోబారు కొసన ఇందిరా పాయింటు దగ్గర భూకంపానికి నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది.

ఇక అసలు కష్టం బావిలో ఉంటుంది. ఉప్పునీరు చేరిన బావిని మోటారు పెట్టి అదేపనిగా తోడకండి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఎక్కువగా తోడితే అడుగునున్న ఉప్పు పైకి వస్తుంది. దీనికి మందు వానే. పొలంలో కూడా గట్లు వేసి వాననీరు నిలిపితే ఉప్పు కిందికి దిగుతుంది. ఆ నీరు మురుగుకాలువలోకి పోయే దారి ఉండాలి.

2007 నుంచి హైదరాబాదులోని సముద్ర సమాచార సేవా కేంద్రం సునామీ హెచ్చరికలు ఇస్తోంది. పూరీ రేవులో వల వేసే మన తెలుగువారికైనా, యానాం వారికైనా అవి ఇక్కడి నుంచే వెళ్తాయి. కాని తీరాన ఉండగా భూమి గట్టిగా కంపించినా, సముద్రం హఠాత్తుగా వెనక్కి తగ్గినా, కబురు కోసం ఆగకండి, పిల్లాపాపలతో మెరకకు వెళ్ళండి. తిరిగి రావడానికి మాత్రం అధికారుల మాట కోసం ఆగండి.