మన కన్నీళ్లు ఇంకొకరికి ఓదార్పు కావాలి

మన ఎరుకల కుటుంబాల పిల్లలతో నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు మమ్మల్ని అడిగారు. మేము పండితులం కాము. బుట్టలల్లిన చేతులు మావి. చూసిందీ, పడిందీ చెబుతాం.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రికలో మొదటి అధ్యాయం ఇంటికెళ్లాక చదవండి. అందులోని సారం ఇది. కష్టంలో దేవుడు మనల్ని ఆదరించేది మన ఒక్కరి కోసమే కాదు. మనకు దొరికిన ఆదరణను కష్టంలో ఉన్న ఇంకొకరికి పంచడానికి. ఇది రాసిన పౌలు సుఖంగా కూర్చుని రాయలేదు. ఆసియలో బ్రతుకు మీద ఆశ వదులుకునేంత శ్రమ పడ్డానని అక్కడే ఒప్పుకున్నాడు.

మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటింది. కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి ఊళ్ల నుంచి వేటకెళ్లినవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. మా తాటాకు ఇళ్లు ఒక్కటీ నిలబడలేదు.

మా పేటలో ఒక మామ్మ ఉండేది. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఆమె కొడుకు కొట్టుకుపోయాడు. తుపాను తరువాత, కొడుకు సముద్రం నుంచి రాని ఒక తల్లి సంగతి విని, ఈ మామ్మ గంజి గిన్నె పట్టుకుని నడుచుకుంటూ వెళ్లింది. మొదటి రోజు ఏమీ మాట్లాడలేదు. పక్కన కూర్చుంది. రెండో రోజు ఆమె తల దువ్వింది. మూడో రోజు ఆ తల్లే అడిగింది.

"మామ్మా, నీకూ కొడుకు పోయాడంట కదా. ఎలా బతికావు?"

"ఒక్కో రోజే బతికాను తల్లీ. అప్పుడు నా పక్కన ఒకామె కూర్చుంది. ఇప్పుడు నీ పక్కన నేను కూర్చున్నాను."

ఆ మామ్మకు చదువు రాదు. కానీ పౌలు రాసింది ఆమె చేసి చూపించింది. ఒక్కటి గమనించండి. ఆమె తన కథతో మొదలుపెట్టలేదు. అడిగేదాకా ఆగింది. యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు మౌనంగా నేలమీద కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే ఆయన్ని గాయపరిచారు.

పూర్వం మన ఆడవాళ్లు బుట్ట చంకన పెట్టుకుని ఎరుక చెబుతామంటూ ఇంటింటికీ తిరిగేవారు. ప్రభువును నమ్ముకున్నాక మన ఇళ్లలో సోది చెప్పడం మానేశాం. అయితే ఆ గడపల్లో ఎందరో ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోలేని బాధలు మన అమ్మమ్మలకు చెప్పుకున్నారు. సోది వదిలేశాం సరే, ఆ వినే చెవిని మాత్రం వదలొద్దు.

మనకు ఇంకో గాయం ఉంది. బ్రిటిషువాళ్లు నేరస్థ తెగల చట్టం కింద మన కులాన్ని పుట్టుకతోనే దొంగలని రాశారు. మన తాతలు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద పోయింది గానీ చూపుల్లో పోలేదు. తుపాను బియ్యం పంచినచోట మమ్మల్ని కూడా ఒకరు "మీరు చివర్లో నిలబడండి" అన్నారు. ఆ మాట ఈరోజుకీ మరిచిపోలేదు. అందుకే మేము ఎక్కడ బియ్యం పంచినా ముందు చివర్లో నిలబడినవాళ్ల దగ్గరికే వెళతాం. గాయం మనల్ని చేదుగా చేయగలదు, కళ్లు కూడా తెరవగలదు. రెండోదాన్ని ఎంచుకోవడానికి మనకు దేవుని సహాయం కావాలి.

పండిత రమాబాయి గురించి చదవండి. పదహారేళ్ల వయసులో, 1874లో, మద్రాసు రాజధానిలో ఆకలి ఆమె తల్లిదండ్రులను మింగేసింది. తిండిలేక అడవిలో ఆకులు తిన్న పిల్ల ఆమె. తరువాత అన్న పోయాడు. 1882లో భర్త పోయాడు. 1883లో ఆమె క్రైస్తవురాలయింది. 1896-97 కరువులో మధ్య పరగణాలకు వెళ్లి ఆకలితో ఉన్న వందలమంది బాలికలను, వితంతువులను తీసుకొచ్చి పూనా దగ్గర కేడ్‌గావ్‌లోని ముక్తి సదనంలో చేర్చింది. ఆకలి ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2022 జూలైలో మళ్లీ గోదావరి పొంగింది. మన లంకలు మునిగాయి. పైన చింతూరు, కూనవరం వైపు కోయ, కొండరెడ్డి ఊళ్లూ మునిగాయి. మా ఇళ్లలో బురద ఎత్తిపోసుకున్నాక, మన కుర్రాళ్లు కొందరు టార్పాలిన్లు, దుప్పట్లు వేసుకుని అటు బయలుదేరారు. "మీకే లేదు, మాకెందుకు తెచ్చారు?" అని ఒక పెద్దాయన అడిగాడట. "మాకూ ఇల్లు మునిగింది బాబాయ్. తడిసిన నేలమీద పడుకోవడం ఎలా ఉంటుందో మాకు తెలుసు" అన్నారట మనవాళ్లు. మాకు ఇంతకంటే మంచి సాక్ష్యం తెలియదు.

ఇప్పుడు మీ సంగతి. మన కోనసీమ నుంచి ఎందరో తల్లులు కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లలో పని చేస్తున్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఆ ఎడబాటు మీలో కొందరికి తెలుసు. మీ వీధిలో అలాంటి చిన్నపిల్ల ఉంటే సాయంత్రం పావుగంట కూర్చుని చదువు చెప్పండి. పరీక్ష తప్పినవాడు గది తలుపేసుకుంటే, ఒకసారి తప్పి లేచినవాడివి నువ్వే వెళ్లి తలుపు తట్టు. చచ్చిపోతానన్న మాట ఎవరి నోట విన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. పెద్దవాళ్లకు చెప్పండి, డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి.

ఇంకొక జాగ్రత్త. ఓదార్పు అంటే దెబ్బలు తింటున్న అక్కతో "ఓర్చుకో, అంతా దేవుని చిత్తం" అనడం కాదు. ఆమెకు భద్రమైన చోటు చూపించాలి, అవసరమైతే పోలీసు స్టేషనుకు తోడు వెళ్లాలి. ప్రార్థన చేయండి, దానితోపాటు కాళ్లు కూడా కదపండి.

మీ గాయం ఇంకా పచ్చిగా ఉంటే తొందరపడొద్దు. ముందు మీరు ఏడవండి. మిమ్మల్ని ఓదార్చేవాళ్లను దగ్గరికి రానివ్వండి. తీసుకోని ఆదరణను పంచలేం. ఏదో ఒకరోజు ఎవరో మిమ్మల్ని "నువ్వెలా బతికావు?" అని అడుగుతారు. ఆ రోజు వాళ్ల పక్కన మీరు ఉండాలని మా ప్రార్థన.

దేవుడు మిమ్మల్ని ఆదరించి, మీ ద్వారా అనేకులను ఆదరించును గాక. ఆమేన్.