ఓడరేవు లేని రాజ్యాలు: ఇథియోపియా, మన హైదరాబాద్

(రాంగోపాల్‌పేట్, సికింద్రాబాద్‌లో చేసిన స్మారకోపన్యాసం)



ఏ దేశం పాఠం మొదలుపెట్టినా మా మాస్టారు ముందు పటంలో సముద్రం ఎటువైపు ఉందో చూడమనేవారు. రాజధాని, జనాభా, పంటలు ఆ తర్వాతే. ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నేను ఏ వైపునా సముద్రం లేని దేశాన్ని ఎంచుకున్నాను.

ఆఫ్రికాలో అలాంటి భూపరివేష్టిత దేశాలు 16. చాద్, మాలి, ఉగాండా, జాంబియా, బోట్స్వానా వగైరా. ఇథియోపియా వాటిలో ఒకటే అయినా దాని కథ వేరు. జనాభా 12 కోట్లు దాటింది. తీరం లేని దేశాల్లో ఇంత జనం ఉన్నది ప్రపంచంలో మరొకటి లేదు. విస్తీర్ణం దాదాపు 11 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణకు పదింతలు. రాజధాని అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంది. వాళ్ల ఏడాదికి 13 నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యేసి రోజులు, మిగిలిన అయిదో ఆరో రోజులు పదమూడో నెల. అమ్హారిక్ భాష రాసే లిపిలో ఒక్కో హల్లుకు ఏడు రూపాలు, మన గుణింతంలాగే. 1896లో అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన దేశం అది. ఆ తర్వాత 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆక్రమణలో నలిగినా స్వతంత్ర రాజ్యంగా దాని పేరు చెరగలేదు. 1963లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ అడిస్ అబాబాలోనే పుట్టింది.

నా తరం బడిపిల్లలు చూసిన పటంలో ఈ దేశానికి తీరం ఉంది. ఎర్రసముద్రం ఒడ్డున మసావా, అసబ్ రేవులు ఇథియోపియావే. 1952లో ఆ రేవులున్న ఎరిత్రియాను సమాఖ్యగా ఇథియోపియాతో కలిపారు. 1962లో ఆ సమాఖ్యను రద్దుచేసి పూర్తిగా విలీనం చేసుకున్నారు. ఎరిత్రియా ప్రజలు 1961 నుంచి 1991 దాకా, ముప్ఫయ్యేళ్లు పోరాడారు. 1993లో స్వతంత్ర దేశమయ్యారు. రేవులు వాళ్లతో వెళ్లాయి. కొండలు కదల్లేదు, నదులు దారి మళ్లలేదు. ఒక రాజకీయ నిర్ణయంతో కోట్లమందికి సముద్రం పరాయి దేశమైంది. కొన్నేళ్లకు నౌకాదళాన్నే రద్దుచేశారు.

ఇది మనకు దూరపు కథ కాదు. నిజాం రాజ్యానికీ ఒకప్పుడు తీరం ఉంది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సీమ ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి. 1800లో దత్తమండలాలు కూడా పోయాయి. 1802లో చేసుకున్న వాణిజ్య ఒప్పందంలో మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వాడుకునే హక్కు నిజాముకు దక్కింది. హక్కు కాగితం మీదికి వచ్చింది గాని, రేవుకు వెళ్లే దారి ఎడ్లబండ్ల దారే. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. దాంతో బొంబాయి రేవు అందింది. 1889లో బెజవాడకు లైను పడింది. ఒప్పందానికీ ఆ పట్టాలకూ మధ్య 87 ఏళ్లు. మనం ఇప్పుడు కూర్చున్న ఈ పేట, రాణీగంజ్, జేమ్స్ స్ట్రీట్ వ్యాపారం పెరగడంలో ఆ రైలుది పెద్ద పాత్ర.

రేవు హక్కు ఒకటి, రేవుకు దారి మరొకటి. దారి లేని హక్కు గింజను కూడా కదిలించదు. నేను ఈ వేళ చెప్పదలచిన మాట ఇదే.

ఇథియోపియాకు దారి జిబూతీ మీదుగా ఉంది. ఆ చిన్న దేశం జనాభా పది లక్షల చిల్లర. 1998లో ఎరిత్రియాతో యుద్ధం మొదలయ్యాక అసబ్ దారి మూతపడింది. అప్పటి నుంచి ఇథియోపియా సరకులో నూటికి తొంభై పాళ్లకు పైగా జిబూతీ రేవునే నమ్ముకుంది. ఫ్రెంచివాళ్లు వేసిన మీటరు గేజి లైను 1917లోనే అడిస్ అబాబా చేరింది, కాలక్రమంలో శిథిలమైంది. 2016లో దాదాపు 750 కిలోమీటర్ల కొత్త విద్యుత్ రైల్వే ప్రారంభించారు. రాజధానికి దగ్గర్లోని మోజో దగ్గర డ్రై పోర్ట్ పెట్టారు. మన సనత్‌నగర్ కంటెయినర్ డిపో చేసే పనినే అది ఇంకా పెద్ద ఎత్తున చేస్తుంది. రాణీగంజ్‌లో బేరింగులు, పంపులు దిగుమతి చేసుకునేవారికి కంటెయినర్ ఒక వారం ఆలస్యమైతే ఎంత నష్టమో నేను చెప్పనక్కర్లేదు. ఆ ఆలస్యానికి పరాయి దేశపు రేవు రుసుములు కలపండి. అవి విదేశీ మారకంలో కట్టాలి. ఆ మారకం రావాలంటే కాఫీ అమ్మాలి. ఆ కాఫీ మళ్లీ అదే రేవు నుంచి ఓడెక్కాలి.

ఎరువుల సంగతి ఇంకా బాధాకరం. ఇథియోపియా ఎత్తు భూముల్లో పెద్ద వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడతాయి, మన వానాకాలంలాగే. ఎరువు ఓడలో జిబూతీకి, అక్కడి నుంచి లారీల్లో, రైల్లో కొండలెక్కి, వానలకు ముందే రైతుకు చేరాలి. తెలంగాణకూ రేవు లేదు. మనకూ దిగుమతి యూరియా తూర్పు తీరపు రేవుల్లో దిగి ర్యాకుల్లో వస్తుంది. సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రైతును చూసినవారికి ఆ ఎదురుచూపు తెలుసు. కాని కాకినాడకూ మనకూ మధ్య దేశ సరిహద్దు లేదు, కస్టమ్స్ గేటు లేదు. అది ఎంత పెద్ద భాగ్యమో 1948లో ఇక్కడివాళ్లకు తెలిసింది. భారత యూనియన్‌తో హైదరాబాద్ రాజ్యం సరిహద్దులు బిగుసుకుని పెట్రోలు, మందులు కరువైన రోజులవి. అంతకు ముందు గోవా రేవు కోసం నిజాం ప్రభుత్వం పోర్చుగీసువారి వైపు చూసింది. అది ఫలించలేదు.

మళ్లీ ఇథియోపియాకు వస్తే, దాని ఈశాన్యాన దానకిల్ అనే పల్లం ఉంది. సముద్రమట్టానికి వంద మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. భూమ్మీద అతి వేడి ప్రాంతాల్లో ఒకటి. ఎప్పుడో సముద్రం పొంగివచ్చి ఎండిపోయిన చోట ఉప్పు పేరుకుంది. అఫార్ తెగ కార్మికులు ఆ ఉప్పును గొడ్డళ్లతో పగలగొట్టి పలకలుగా చెక్కుతారు. ఆ పలకలు తరతరాలుగా ఒంటెల మీద కొండలెక్కి సంతలకు చేరేవి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల దాకా అమోలే అనే ఆ ఉప్పు కడ్డీలు డబ్బుగా చెల్లాయి. ఆ దేశానికి తీరం లేకపోయినా, దాని సరిహద్దు నుంచి ఎర్రసముద్రం కొన్నిచోట్ల వంద కిలోమీటర్ల లోపే ఉంది. మనకు బీబీనగర్, భువనగిరి దాటి జనగామ ఎంతో అంత. ఆ దూరం ప్రతి ఇథియోపియన్ మనసులోనూ ఉంటుందని నా నమ్మకం.

ఆ గడ్డకూ మన దక్కనుకూ పాత బంధుత్వం కూడా ఉంది. పదహారో శతాబ్దంలో ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, ఎర్రసముద్రం దాటి దక్కనుకు చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి రాజప్రతినిధి అయ్యాడు. ఆయన 1610లో నిలబెట్టిన ఖడ్కీ నగరమే తర్వాత ఔరంగాబాద్ అయింది. అదే తొలి అసఫ్ జాహీ నిజాముల రాజధాని. ఇవాళ ఆంధ్రా యూనివర్సిటీలో ఇథియోపియా పరిశోధక విద్యార్థులు చదువుతున్నారు, అక్కడి విశ్వవిద్యాలయాల్లో మన తెలుగు అధ్యాపకులు పాఠాలు చెప్పారు. ఈ రాకపోకలు పెరగాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇక న్యాయం మాట. ఐక్యరాజ్యసమితి 1982 సముద్ర చట్ట ఒప్పందం 125వ అధికరణం తీరం లేని దేశాలకు సముద్రాన్ని చేరే హక్కునిస్తుంది. షరతులు మాత్రం పొరుగు దేశంతో మాట్లాడుకోవాలి. అంటే ఆ హక్కు పొరుగువారి సమ్మతి మీదుగానే నడుస్తుంది. 2024 జనవరి 1న ఇథియోపియా, సోమాలియా నుంచి విడిపోయామంటున్న సోమాలీలాండ్‌తో తీరం కోసం అవగాహన ఒప్పందం చేసుకుంది. సోమాలియా భగ్గుమంది. ఎరిత్రియాలోనూ భయాలున్నాయి, ముప్ఫయ్యేళ్లు పోరాడి తెచ్చుకున్న తీరాన్ని వాళ్లు ఎందుకు వదులుకుంటారు? పన్నెండు కోట్లమంది అవసరం నిజమే. దాన్ని సొంతదారు హక్కుగా మార్చి మాట్లాడితే మళ్లీ తుపాకులే మిగులుతాయి. 2024 డిసెంబర్‌లో తుర్కియే మధ్యవర్తిత్వంతో అంకారాలో ఇథియోపియా, సోమాలియా నేతలు కూర్చున్నారు. సోమాలియా సార్వభౌమాధికారం కిందే ఇథియోపియాకు సముద్రానికి దారి ఏర్పాటు చేసుకోవాలని ఒప్పుకున్నారు. ఆ మాటకు కట్టుబడి, దానికి పట్టాలూ రోడ్లూ జతచేయడమే ఇప్పుడు మిగిలిన పని.