జట్కా గుర్రం మేత

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం "పెన్షన్ గొడవ కాకుండా వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. జీవితమంతా ఫైళ్ళు కట్టిన గుమాస్తాకు వేరే ఏమి తెలుస్తుంది? అయితే ఉద్యోగం రాకముందు నేను నేర్చుకున్న విద్య ఒకటుంది. మా నాయన వింజమూరులో జట్కా తోలేవాడు. గుర్రానికి మేత, నీళ్ళు, మాలీషు నా వంతు.

గుర్రం మన నేల జంతువు కాదు. విజయనగర రాజులు అరబ్బు, పారశీక దేశాల నుంచి ఓడల మీద తెప్పించుకునేవారు. 1514లో రాయలవారు మన ఉదయగిరి దుర్గం పట్టుకున్ననాటి గుర్రాలూ చాలావరకు అట్లా వచ్చినవే. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు మార్కోపోలో తమిళ తీరం గురించి రాస్తూ, అక్కడివాళ్ళు గుర్రాలకు మాంసం కలిపిన అన్నం పెడతారనీ, సాకడం తెలియక అవి చస్తున్నాయనీ రాశాడు. డబ్బు పోసి కొన్నారు గాని మేత సంగతి కనుక్కోలేదన్నమాట.

ఆ మేత సంగతే చెబుతాను. ఎద్దు పొట్టలో 100 లీటర్లకు పైన పడుతుంది. తిన్నది తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. పెద్ద గుర్రానికైనా పొట్ట 8 నుంచి 15 లీటర్లే. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకు పోవాలే గాని వెనక్కి రాదు. అందుకని కొద్దికొద్దిగా, పలుమార్లు, ముఖ్యంగా గడ్డి పెట్టాలి. గరిక అన్నిటికన్నా మేలు. మా అమ్మ చెరువు కట్ట మీద కోసి, మట్టి దులిపి, కడిగి తెచ్చేది. వరిగడ్డిలో సారం తక్కువ. ఉలవలు మన మెట్ట పొలాల పంటే గనుక కొరత లేదు. వాటిని రాత్రి నానబోసి, లేదా ఉడకబెట్టి చల్లార్చి, గుప్పెడు తవుడు, చిటికెడు ఉప్పు కలిపి పెట్టేవాళ్ళం. పూటకు సోలెడు, అంతే. బండి విప్పగానే గింజ పెట్టకూడదు. చెమట ఆరి, ఊపిరి కుదుటపడాలి. ముందు నీళ్ళు, అవీ కొంచెం కొంచెంగా. తరువాత గడ్డి. గింజ చివరికి.

నేను ఈ వరుస తప్పాను.

1963 వైశాఖం. పెళ్ళిళ్ళ రోజులు. మా నాయన కలిగిరికి రెండుసార్లు తోలి, సందెవేళ వచ్చి, "అబ్బయ్యా, గంట ఆగి ఉలవలు పెట్టు" అని చెప్పి అరుగు మీద పడుకున్నాడు. గుర్రం పేరు రాణి. ఒళ్ళంతా నురగ. దాన్ని చూస్తే నాకు జాలేసింది. నానబోసినవి చాలవనిపించి, గోతాంలోంచి పొడి ఉలవలు మూడు నాలుగు సోలలు తీసి గంపలో పోశాను. ఆత్రంగా తినేసింది. ఆ వెంటనే బొక్కెనెడు నీళ్ళు పెట్టాను.

రాత్రి భోజనాలయ్యేసరికి అది కాలితో నేల గీరడం, తల తిప్పి డొక్క వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. పడుకుని పొర్లింది. పేడ వేయలేదు. దీన్నే శూల అంటారు. ఆ గుర్తులు కనబడ్డ నిమిషానే మేత తీసేసి డాక్టరును పిలవాలి, ఇంట్లో మందులు పోయకూడదు. మాకు అర్ధరాత్రి డాక్టరు ఎక్కడ? నాయన లాంతరు పట్టుకుని తెల్లవార్లూ దాన్ని వీధిలో నడిపించాడు. కోడి కూసే వేళకు పోయింది.

తక్కిన రుతువుల సంగతి త్వరగా చెబుతాను. ఎండాకాలంలో చిన్న జట్కా గుర్రం కూడా రోజుకు 30 లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి కట్టకూడదు, రోజు మొత్తంలో 9 గంటలకు మించి పని చేయించకూడదు. అది ఎందరు పాటించారో మీకు తెలుసు. మన వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో గనుక అప్పుడు గడ్డి బూజు పట్టకుండా చూడాలి. బూజు వాసన వస్తే పారేయాల్సిందే. తడి నేల మీద కట్టేస్తే గిట్టలు కుళ్ళుతాయి. రోజూ గీకి శుభ్రం చేయాలి. లాడాలు నెలన్నరకొకసారి మార్చాలి. జోరీగలు ముసిరే చోట సర్రా జ్వరం వస్తుంది. దాని క్రిమిని 1880లో ఎవాన్స్ అనే డాక్టరు గుర్రాల, ఒంటెల నెత్తుటిలో కనిపెట్టాడు. గుర్రం జ్వరంతో చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించాలి. ఇప్పుడు జట్కాలు లేకపోయినా పెళ్ళి ఊరేగింపుకు గుర్రం మాట్లాడుకుంటున్నారు కదా, దాన్ని బాజాల మధ్య గంటలు నిలబెట్టే ముందు నీళ్ళు తాగిందా అని అడగండి.

రాణి పోయాక మా నాయన ఏడాది పైగా కూలికి పోయాడు. ఉలవలు పుచ్చినవి అమ్మాడని కొట్టు ఆయనతో బజార్లో గొడవపడ్డాడు. ఆ ఆయన తన ఉలవలు మంచివేనని నలుగురి ముందు దోసిట్లో పోసి చూపించాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ తరువాత మా ఇంట్లో ఆ కొట్టు సరుకు కొనలేదు. నాయన 1981లో పోయాడు, అప్పటికీ చెప్పలేదు. కొట్టు ఆయన అంతకన్నా ముందే పోయాడు. వారి కుటుంబం వారు ఈ సభలో ఎవరైనా ఉంటే, ఆ ఉలవలు మంచివే.