డిస్కు ప్లేయరు పెట్టుకునే ముందు



ఈ రోజు పాటల పెట్టెల గురించి, వాటి వైర్ల గురించి మాట్లాడతానంటే, "ఇది మగవాళ్ళ పని గదా, మనకెందుకమ్మా?" అని మీలో కొందరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. మా ఇంట్లో పొగ వచ్చిన రోజుదాకా.

ఆ మధ్య మా పెద్దవాడు అమెరికానుంచి వస్తూ, అక్కడ తను వాడుకున్న సీడీ ప్లేయరు వెంట తెచ్చాడు. మా అత్తగారికి చూపు తగ్గింది. సెల్‌ఫోనులో పాటలు వెతుక్కోవడం ఆవిడకు చాతకాదు. బీరువాలో పడి ఉన్న సుబ్బులక్ష్మిగారి అన్నమయ్య కీర్తనలూ, ఘంటసాలగారి భగవద్గీతా ఒక్క మీట నొక్కితే వినిపించాలని వాడి ఆశ. తీరా చూస్తే ఆ ప్లగ్గు మన సాకెట్లో పట్టలేదు. బజార్లో ఒక అడాప్టరు కొనుక్కొచ్చి, దానికి తగిలించి, నేనే స్విచ్చి వేశాను. కాసేపటికి కాలిన వాసన, పెట్టె వెనకనుంచి పొగ! అత్తగారు దాని పక్కనే కుర్చీలో ఉన్నారు. పరుగెత్తి మెయిన్ ఆపి, ఆవిణ్ణి అవతలికి తీసుకుపోయేసరికి నా కాళ్ళు వణికిపోయాయి.

జరిగిందేమిటంటే, అమెరికాలో ఇళ్ళకు వచ్చే కరెంటు 120 వోల్టులు. మనకు వచ్చేది 230. నేను కొన్న అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మార్చిందేగాని వోల్టేజిని మార్చలేదు. ఆ తేడా తెలియకపోవడం వల్లనే అంతా జరిగింది.

కనుక మొదటి మాట ఇది. విదేశంనుంచి వచ్చిన వస్తువు ఏదైనా సరే, వెనక అతికించిన చీటీ చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే మన ఇంట్లో నిశ్చింతగా పెట్టుకోవచ్చు. 120 అని మాత్రమే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండి తీరాలి. అదికూడా ఆ వస్తువు వాడుకునే వాట్లకంటె ఎక్కువ వాట్లు మోయగలిగినది కావాలి. పాత రకం రికార్డు ప్లేయర్లలో మరో చిక్కుంది. కొన్నిటి మోటారు అమెరికా కరెంటుకున్న 60 సైకిల్స్‌ను బట్టి తిరుగుతుంది. మనవి 50 సైకిల్సే. వోల్టేజి సరిచేసినా అది నిదానంగా తిరిగి, పాట సాగదీసినట్టు వినిపిస్తుంది.

ఇక కలపడం సంగతి. ప్లేయరులోనుంచి వచ్చే ధ్వని చాలా సన్నది. దానికి బలమిచ్చేది ఆంప్లిఫయరు. ఆ బలాన్ని మన చెవికి చేర్చేవి స్పీకర్లు. ఈ వరస గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. వైర్లు కలిపేటప్పుడు ప్లేయరు, ఆంప్లిఫయరు రెండింటి ప్లగ్గులూ గోడనుంచి తీసెయ్యండి. స్విచ్చి ఆపితే చాలదా అంటారేమో, చాలదు. వైరింగు తారుమారైన ఇళ్ళలో స్విచ్చి ఆపినా సాకెట్లో కరెంటు ఉండవచ్చు. చేతులు తడి లేకుండా తుడుచుకోండి.

ప్లేయరు వెనక రెండు రంధ్రాలుంటాయి. ఎర్రది కుడి స్పీకరుకు, తెల్లది ఎడమ స్పీకరుకు. కొన్నిటిలో తెలుపుకు బదులు నలుపు ఉంటుంది. పసుపుపచ్చది ఉంటే అది బొమ్మకు, దాన్ని ఇక్కడ వాడకండి. ప్లేయరులో 'ఔట్' అని రాసి ఉన్నచోటినుంచి ఆంప్లిఫయరులో 'ఇన్' అని ఉన్నచోటికి వైరు వెళ్ళాలి. చెంబులోంచి గిన్నెలోకి పోసినట్టన్నమాట.

అయితే ఏ 'ఇన్' లోకి? చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పాత ఆంప్లిఫయర్ల వెనక 'ఫోనో', 'ఆక్స్', 'టేప్', 'సీడీ' అని రకరకాల పేర్లుంటాయి. సీడీ ప్లేయరును 'సీడీ' లోగాని 'ఆక్స్' లోగాని పెట్టాలి. 'ఫోనో' లో మాత్రం పెట్టకూడదు. అది నల్లటి గ్రామఫోను రికార్డులు వేసే ప్లేయరుకోసం ఉద్దేశించినది. రికార్డు మీద ముల్లు తిరిగినప్పుడు పుట్టేది సుమారు 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయరు ఇచ్చేది సుమారు 2 వోల్టులు. అంటే 400 రెట్లు! చిటికెడు ఉప్పు వెయ్యవలసిన పులుసులో డబ్బా బోర్లించినట్టే. ధ్వని బద్దలై, కర్ణకఠోరంగా వస్తుంది. స్పీకర్లు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. రికార్డు ప్లేయరును 'ఆక్స్' లో పెడితే పాట ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టు, పీలగా వినిపిస్తుంది. రికార్డు తయారుచేసేటప్పుడే మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి గీస్తారు. 1950ల మధ్యనుంచీ ఇందుకు అందరూ పాటించే ఒక కొలత ఉంది. దాన్ని తిరగేసి సరిచేసే పని ఫోనో భాగానిది. మీ ఆంప్లిఫయరులో ఫోనో లేకపోతే ఫోనో ప్రీఆంప్లిఫయరు అని చిన్న పెట్టె విడిగా దొరుకుతుంది. కొన్ని రికార్డు ప్లేయర్లలో అది లోపలే అమర్చి ఉంటుంది. అలాంటివాటిని మాత్రం 'ఆక్స్' లోనే పెట్టాలి.

అన్నీ కలిపాక 'గుయ్' మని హోరు వస్తోందనుకోండి. అప్పుడు కొందరు మెకానిక్కులు, "ప్లగ్గులో ఆ లావు పిన్ను తీసేయండమ్మా, హోరు పోతుంది" అని సలహా ఇస్తారు. పోవచ్చు. కాని దయచేసి ఆ పని చేయకండి. ఆ లావు పిన్ను ఎర్త్. లోపల ఏ వైరో ఊడి ఇనప పెట్టెకు తగిలితే, ఆ కరెంటు మన ఒంట్లోకి రాకుండా భూమిలోకి పంపేది అదే. హోరు పోవడానికి వేరే మార్గాలున్నాయి. రెండింటినీ ఒకే ప్లగ్గు బోర్డులో పెట్టండి. ధ్వని వైర్లను కరెంటు వైర్లకు ఎడంగా జరపండి. రికార్డు ప్లేయరయితే దానినుంచి వచ్చే సన్నటి విడి తీగను ఆంప్లిఫయరు వెనక ఉన్న మరకు బిగించండి. ఇంటికి 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే మరీ మంచిది.

స్పీకరు వైర్ల కొసలు పురిపెట్టి, ఒక పోగు కూడా పక్కదానికి తగలకుండా బిగించాలి. రెండూ తగిలితే ఆంప్లిఫయరు కాలిపోవచ్చు. స్పీకరు వైర్లు తగిలించే చోట ప్లేయరు వైర్లు ఎన్నడూ పెట్టకండి.

ఇప్పుడు వాల్యూము పూర్తిగా తగ్గించి, ముందు ప్లేయరు, తరవాత ఆంప్లిఫయరు వెయ్యండి. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫయరు. ఇలా చేస్తే స్పీకర్లలో 'ఠప్' మనే దెబ్బ ఉండదు.

మరొక మాట. ఆంప్లిఫయరు మీద క్రోషియా గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టడం మనకు సరదా. పెట్టెకు గాలి ఆడాలి, నీళ్ళు దరిచేరకూడదు. ఆ అలంకరణ బల్లమీదికి మార్చండి. ఉరుములు మెరుపులు వచ్చేలా ఉంటే ముందే ప్లగ్గులు తీసెయ్యండి. పొగ వస్తే నీళ్ళు పోయకండి, ముందు మెయిన్ ఆపండి. పాట ఆగిపోయిందని ప్లేయరు మూత విప్పకండి. లోపల లేజరు కిరణం ఉంటుంది. పైగా ప్లగ్గు తీసినా కొంతసేపు లోపల కరెంటు నిలవ ఉంటుంది.

ఆ పొగ వచ్చిన రోజునుంచి మా అత్తగారు, "నా పాటలకోసం కొంప తగలబెట్టుకోకండర్రా" అని సీడీల ఊసే ఎత్తలేదు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఇవన్నీ తెలుసుకుని, ఇక్కడి వోల్టేజికి సరిపోయే ప్లేయరు కొని, ఎర్త్ పరీక్ష చేయించి, నా చేత్తోనే కలిపాను. మొదటిరోజు ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు. వారం తిరిగేసరికి కుర్చీ పెట్టె దగ్గరికి జరుపుకున్నారు. ఇప్పుడు తెల్లవారేసరికి మీట తనే నొక్కుతారు.

మీ ఇంట్లో అటక మీద అలాంటి ప్లేయరేదైనా ఉంటే కిందికి దించండి. స్విచ్చి వెయ్యబోయే ముందు మాత్రం వెనక చీటీ ఒక్కసారి చదవండి.