పదికి పది వచ్చిన వారం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేనిప్పుడు పాకాల వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఈ వయసులో నేను మళ్ళీ విద్యార్థినైన సంగతి చెబుతాను. అందులో ఒక తప్పు కూడా ఉంది. అది మా అయ్యవార్ల ముందు ఒప్పుకోవడమే సబబు.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ ప్రారంభించాయి. ఇప్పుడు స్వయం పోర్టల్‌లో ఆ పాఠాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నేను తరంగాల మీద 12 వారాల కోర్సులో చేరాను. వీడియోలు మన వీలును బట్టి చూసుకోవచ్చు. గడువులు మాత్రం మన వీలు చూడవు. వారంవారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 వస్తేనే సర్టిఫికెట్.

కోర్సు జనవరిలో మొదలైంది. పదో తరగతికి పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు. ఇంట్లో నాన్నకు కంటి ఆపరేషన్. మొదటి 3 వారాలు చేజారాయి. ఆ తర్వాత బస్సులో నిలబడి, వీడియో వేగం పెంచి పాఠాలు విన్నాను. విన్నాననే గానీ, బస్సు దిగేసరికి ఏదీ మిగిలేది కాదు.

ఏడో వారం డాప్లర్ ప్రభావం. గడువు ఆ రాత్రితో సరి. తెలిసినవారొకరు వాట్సాప్‌లో జవాబులు పంపారు. చూసి కొట్టేశాను. పదికి పది వచ్చాయి.

మరుసటి రోజు తొమ్మిదో తరగతిలో, గాదంకి రాడార్ చూసొచ్చిన పిల్లవాడొకడు లేచాడు. "సార్, మోడం లేకపోయినా ఆ రాడారుకు గాలి ఎట్ల కనపడుతుంది?" అన్నాడు. రాత్రే పదికి పది తెచ్చుకున్న నాకు నోట మాట రాలేదు. "రేపు చెబుతా" అన్నాను.

ఆ రాత్రి నోటు పుస్తకం తీసి, మామూలు వేగంతో మొదటి నుంచి విన్నాను. అరగంట పాఠానికి రెండు రాత్రులు పట్టింది. గాదంకి ఎంఎస్‌టీ రాడార్ గురించి విడిగా చదివాను. 1024 యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్జ్ తరంగాలు. గాలి సుడుల్లో వేడి, తేమ చోటుచోటుకూ మారుతుంటాయి. ఆ మార్పుల దగ్గర తరంగం రవ్వంత వెనక్కి చెదురుతుంది. తేడాలు తరంగదైర్ఘ్యంలో సగం, అంటే సుమారు 2.8 మీటర్ల ఎడంతో ఉంటే, వెనక్కి వచ్చే తరంగాలు ఒకదానికొకటి తోడై రాడారుకు చిక్కుతాయి. గాలి కదులుతుంటే వాటి పౌనఃపున్యం మారుతుంది. ఆ మార్పును బట్టి గాలి వేగం తెలుస్తుంది.

పిల్లవాడికి బోర్డు మీద గీసి చెప్పాను. చెప్పింది రెండు రోజులు ఆలస్యంగానే. వాడు బొమ్మ గీసుకుని, "ఇప్పుడు తెలిసింది సార్" అన్నాడు.

ఆ తర్వాత జవాబులు కొట్టలేదు. నిదానంగా చదవడంతో చివరి వారాలు పూర్తికాలేదు. ఏప్రిల్ పరీక్షలో 75కి 27 వచ్చాయి. సర్టిఫికెట్ రాలేదు. కట్టిన 1000 రూపాయలు పోయాయని ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ముందు వరుసలో కూర్చున్న మా సైన్సు అయ్యవారు, తెలియని ప్రశ్న వస్తే "నాకూ తెలీదురా, చూసి చెబుతా" అనేవారు. మరుసటి రోజు తప్పకుండా చెప్పేవారు. ఆ మాటలోని కష్టం నాకిన్నేళ్ళకు తెలిసింది.

ఇలాంటి కోర్సులో చేరేవారికి నా అనుభవంతో ఒక్క మాట. ఒకసారి ఒక్క కోర్సే తీసుకోండి. ప్రతి పాఠం తర్వాత ఫోను పక్కన పెట్టి, విన్నది ఎవరికైనా చెప్పి చూడండి. చెప్పలేకపోతే అది ఇంకా మనది కానట్టే.

ఈసారి మళ్ళీ చేరాను. అయ్యా, ఏడో వారం అసైన్‌మెంటు సొంతంగా చేశాను. పదికి ఏడే వచ్చాయి. అవి నావే.

సెలవు.