బాతుపిల్లలు గూటికి అలవాటు పడాలంటే



బాతుపిల్లలంటే ఇంట్లో పిల్లలకి ఎంత సరదానో మీకు తెలియంది కాదు. పసుపూ నలుపూ కలిసిన నూగుతో, ఒకదాని వెనకాల ఒకటి ఊగుకుంటూ నడుస్తూంటే పెద్దవాళ్ళం మనకే చూపు తిప్పుకో బుద్ధి కాదు. ఈ ముచ్చటంతా రెండు మూడు వారాలు. తరవాత వసారాలో పెట్టిన గంప చాలదు. అవి నీళ్ళు తాగడమంటే సగం తాగి సగం నేలపాలు చెయ్యడమే. ఇల్లంతా చిత్తడి, వాసన. ఎప్పుడెప్పుడు వీటిని పెరట్లో గూట్లోకి తోసేద్దామా అనిపిస్తుంది. అలా తోసేసి నేను రెండు పిల్లల్ని పోగొట్టుకున్నాను. అందుకే ఈ వేళ ఈ మాటలు చెప్పాలని వచ్చాను.

మాది రాజమండ్రి. 2024 సంక్రాంతి వెళ్ళాక మా ఆడపడుచుగారి వూరు వెళ్ళాం. కోతలయిపోయిన చేలల్లో రాలిన గింజలకోసం బాతుల మందల్ని తోలుకొస్తారు కదా, అలాంటి మంద దగ్గర మా చిన్నాడు మారాం చేసి అయిదు పిల్లల్ని తెచ్చుకున్నాడు. వారం రోజుల పిల్లలు. వెదురుగంపలో ఎండుగడ్డి పరిచి, పైన బల్బు వేలాడదీశాను. పాతకాలం గాజుబల్బు సుమండీ. ఇప్పటి ఎల్ఈడీ బల్బు వెలుతురిస్తుందే గాని ఆ వెచ్చదనం ఇవ్వదు. పిల్లలు బల్బు కిందకి చేరి ఒకదాని మీద ఒకటి పడుతూంటే చలేస్తోందన్నమాట. దూరంగా పోయి నోళ్ళు తెరుచుకుని వగరుస్తూంటే వేడెక్కువయిందన్నమాట. అంతవరకూ బాగానే సాగింది.

మూడో వారం నిండేసరికి ఇంటికి చుట్టాలొస్తున్నారని కబురొచ్చింది. వసారా కడిగించాలి. పాత కోళ్ళగూడు ఖాళీగానే వుంది కదా అనుకున్నాను. ఆ సాయంత్రమే మా చిన్నాడు "బాతులు కదమ్మా, ఈదుతాయి" అంటూ వాటిని సిమెంటు తొట్టిలో వదిలాడు. అవీ సంబరంగా ఈదాయి. చీకటి పడ్డాక తడితోటే తీసుకెళ్ళి గూట్లో పెట్టి గొళ్ళెం వేసి వచ్చేశాను. రాత్రి కాసేపు కీచుకీచుమన్నాయి. కొత్త కదా, సర్దుకుంటాయిలే అనుకుని పడుకున్నాను.

తెల్లారి చూస్తే మూడు పిల్లలు ఒక మూల గుట్టగా వున్నాయి. వాటి అడుగున రెండు చచ్చిపోయి వున్నాయి. పిల్లి పనేమోననుకున్నాను, ఒంటిమీద గాటు కూడా లేదు. మా చిన్నాడు ఆ పూట అన్నం ముట్టలేదు. నన్నేమీ అనలేదు, అదే నాకు మరీ కష్టమనిపించింది.

మిగిలిన మూడింటినీ పశువుల డాక్టరుగారికి చూపిస్తే ఆయన విడమరిచి చెప్పారు. బాతుకి తోక మొదట్లో నూనెతిత్తి వుంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకి పూసుకుంటుంది గనకే నీళ్ళు అంటవు. తల్లి రెక్కల కింద పెరిగే పిల్లకి తల్లి నూనె అంటుతుంది. తల్లిలేని పిల్లకి ఆ అదృష్టం లేదు, దాని నూగు తడిస్తే గుడ్డ తడిసినట్టే. తడిసి, చల్లబడి, కొత్తచోట చీకట్లో బెదిరి ఒకదానిమీద ఒకటెక్కాయి. అడుగునున్నవి చలికీ బరువుకీ పోయాయి. నా పదోతరగతి సైన్సులో ఈ పాఠం లేదు!

ఆ మూడింటినీ మళ్ళీ గంపలోకి తెచ్చాను. చుట్టాలొచ్చారు, చూశారు, నవ్వారు. నవ్వనీండి.

ఈసారి తొందరపడలేదు. ముందు పగటిపూట మాత్రమే, ఎండ కాస్త వెచ్చబడ్డాక, గూటి ముందు వలకట్టిన జాగాలో ఒక గంటసేపు వదిలేదాన్ని. మర్నాడు రెండు గంటలు. వారం తిరిగేసరికి సాయంత్రం దాకా. నీడ వుండాలి, కాకులూ గద్దలూ తన్నుకుపోకుండా పైన కూడా వల వుండాలి. వాటికి అలవాటైన నీళ్ళమూకుణ్ణే బయటా పెట్టాను. నీళ్ళు ముక్కూ కళ్ళూ ముంచి కడుక్కునేంత లోతు చాలు. తిండి పెట్టినప్పుడల్లా పక్కన నీళ్ళుండాలి, లేకపోతే గొంతుకి అడ్డం పడుతుంది. ఉడికించిన నూకలూ తవుడూ పెట్టేదాన్ని. ఒక్కమాట గట్టిగా చెప్తున్నాను, బూజుపట్టిన వేరుశనగ చెక్క పొరపాటున కూడా పెట్టకండి. ఆ బూజులో వుండే విషానికి కోడిపిల్ల కంటే బాతుపిల్ల తొందరగా చచ్చిపోతుంది.

ఆ వారమంతా రాత్రిళ్ళు గంపలోనే. బల్బు మాత్రం రోజురోజుకీ కాస్త పైకి కట్టి, చివరికి ఆర్పేశాను. బల్బు లేకుండా మూడు రాత్రులు హాయిగా పడుకున్నాక, అప్పుడు గూట్లో పెట్టాను. అప్పటికి అయిదో వారం దాటుతోంది. ఈకలు పూర్తిగా రావడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది గనక గూడు పొడిగా, చలిగాలి సూటిగా తగలకుండా చూసుకున్నాను. అలాగని అన్ని వైపులా మూసెయ్యకూడదు, పైభాగాన గాలి ఆడాలి. కింద ఊక మందంగా పొయ్యాలి, తడిసింది తడిసినట్టు తీసెయ్యాలి. బాతు కోడిలా కర్రెక్కి పడుకోదు, నేలమీదే పడుకుంటుంది. పెద్దదయ్యాక ఒక్కోదానికి 3, 4 చదరపు అడుగుల చోటు కావాలి.

వాటి పాతగంపని పక్కకి పడుకోబెట్టి గూట్లోనే వుంచాను. మొదటి రాత్రి మూడూ తిన్నగా దాన్లోకే దూరాయి! గూటి బయట చిన్న బెడ్‌లైటు వేశాను. బాతులు చీకట్లో చిన్న అలికిడికే బెదిరి గూడంతా కలియదిరుగుతాయి, మసక వెలుతురుంటే నిమ్మళంగా వుంటాయి. కాసేపు పక్కనే పీటేసుకుని కూచుని చిక్కుళ్ళు ఒలుచుకున్నాను. గొంతు వినిపిస్తూంటే కీచులాట తగ్గింది.

ఇక గూటి భద్రత సంగతి. మామూలు కోళ్ళవల బాతుని లోపల ఆపుతుందే గాని ముంగిసనీ కుక్కనీ బయట ఆపలేదు. సన్నకన్నాల గట్టి ఇనుపజాలీ కొట్టించి, పందికొక్కులు తవ్వకుండా అడుగు లోతున భూమిలోకి దింపించాను. మావారు ఖర్చు చూసి "బాతులకా, బంగారానికా?" అన్నారు.

చీకటి పడితే వాటంతట అవే చేరతాయని మొదట్లో నేనూ ఎదురు చూశాను. మా అత్తయ్యగారు అరుగు మీంచి చూసి, "కోడైతే పొద్దుగూకేసరికి తనే గూడు వెతుక్కుంటుందే అమ్మాయ్. బాతుని మనం పిలవాలి" అన్నారు. అప్పణ్ణించి రేకుడబ్బా మీద చెంచాతో టకటకలాడించి, సాయంత్రం తిండి గూట్లోనే పెట్టడం మొదలెట్టాను. నాలుగు రోజుల్లో ఆ చప్పుడు పట్టేశాయి. ఒకవేళ మొండికేస్తే చేతులు చాచి వెనకాల నెమ్మదిగా నడవండి, తరమకండి. కాళ్ళు పట్టుకుని ఎత్తకండి, బాతుకాళ్ళు సుకుమారం. రెండు చేతులతో రెక్కలతో సహా ఒంటిని పట్టుకోవాలి.

గూడు శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవకండి, పిల్లలచేతా కడిగించండి. 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత కంగారు పడ్డామో! బాతుల్లో ఆ జబ్బు పైకి కనపడకుండా కూడా వుండవచ్చునట. పక్షులు వున్నట్టుండి చచ్చిపోతే వట్టి చేతులతో ముట్టుకోక పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి.

మా మూడూ బతికాయి. రెండు పెట్టలు, ఒక పోతు. ఎలా తెలిసిందంటారా? గట్టిగా అరిచేది పెట్ట, బొంగురుగొంతుతో గుసగుసలాడేది పోతు. బాతులు గుడ్లు చాలావరకు పొద్దున్నే పెట్టేస్తాయి. అందుకని తొమ్మిదింటిదాకా గూడు తలుపు తియ్యకండి. తీశారో, గుడ్డు ఏ అరటిబోదె కిందో పెట్టేసి వస్తాయి, మీరు పెరడంతా వెతుక్కోవాలి. మా ఇంట్లో ఆ తలుపు తీసేది మా అత్తయ్యగారు. సాయంత్రం డబ్బా వాయించడం మాత్రం మా చిన్నాడిదే, ఆ పని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు.