తన త్రోవను తానే పరచుకొను బండి



రేగడిలో బండి దిగబడినప్పుడు చక్రము ముందు చెక్కలు పరచుట అనాదిగా నున్న యుపాయము. ఆ చెక్కలను గొలుసునకు బిగించి, బండియే వానిని ముందు పరచుచు వెనుకనుండి ఎత్తుకొనునట్లు చేసిన, అదియే టాంకు పట్టా. 1904 నవంబరు 24వ తేదీన కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణసమీపమున బెంజమిన్ హోల్ట్ తన ఆవిరి ట్రాక్టరును చక్రములకు బదులు చెక్కపలకల గొలుసుపట్టాలపై మెత్తనినేలలో నడిపెను. 1916 సెప్టెంబరు 15న సోమ్ రణరంగమున బ్రిటిషు టాంకులు దిగినవి. యుద్ధమునకు బోయిన యా పట్టాయే నేడు తడి వరిచేలలో కోత కోయు చైను మిషనును మోయుచున్నది.

రోబోలు, రిమోటుబండ్లు చేయగోరు బాలురు దీనిని సైకిలు గొలుసుతో ఇంటనే చేయవచ్చును. వలయునది ధనముకంటె లెక్క.

సైకిలు గొలుసున లంకె పొడవు అర అంగుళము. ఒక్కొక్క వలయమునకు 64 లంకెలు లెక్కింపవలెను. లోపలి లంకె, వెలుపలి లంకె మారుమారుగా వచ్చుటచే సంఖ్య సరిసంఖ్యయే కావలెను. రెండు కొసల 16 పండ్ల చక్రములు పెట్టిన, వానిని చుట్టుటకు 16 లంకెలు చెల్లును. మిగిలిన 48లో సగము, అనగా 24 లంకెలు, సరిగా 12 అంగుళములు. అదియే రెండు ఇరుసుల నడిమి దూరము. రెండు గొలుసులను ప్రక్కప్రక్కన నుంచి, వెలుపలి లంకెలకు మడతరేకులు అతికి, వానిపై 10 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పుగల చెక్కలు 32 బిగింపవలెను. అట్టి పట్టాలు రెండు కావలెను.

ప్రతిపట్టాకు 12 చెక్కలు నేలనంటిన, రెంటికి 480 చదరపు సెంటీమీటర్లు. బండి బరువు 9 కిలోల 600 గ్రాములైన, చదరపు సెంటీమీటరునకు 20 గ్రాములే పడును. అదే బరువు నాలుగు చక్రములపై 16 చదరపు సెంటీమీటర్ల మేర నిలిచిన 600 గ్రాములు. ముప్పది రెట్లు! బురదలో ఏది దిగబడునో వేరుగ చెప్ప నక్కరలేదు. అయితే పండ్లచక్రముల నడుమ చిన్నరోలర్లు క్రిందివరుసను నొక్కుచుండవలెను. లేనిచో బరువంతయు కొసలనే పడి, ఈ లెక్క కాగితముననే నిలుచును.

వెనుకచక్రమునకు మోటారు, ముందుచక్రము ఇరుసునకు జరుపుటకు వీలైన గాడి యుండవలెను. గొలుసు వదులైన మలుపులో పండ్లనుండి జారును. మిక్కిలి బిగిసిన మోటారు శక్తినే తినును. సైకిలు ఫ్రీవీలు వెనుకకు త్రిప్పిన పట్టదు గనుక స్థిరచక్రమునే వాడవలెను. ఒక పట్టాను నిలిపి రెండవదానిని నడిపిన బండి మలగును. అప్పుడు చెక్కలు నేలపై అడ్డముగ ఈడ్వబడును గావున, పట్టాల నడిమి దూరము మిక్కిలి తక్కువ కారాదు.

కొన్న బొమ్మ విరిగిన పారవేయుదుము. చేసిన బండి ఆగిన కారణము వెదకుదుము. ఆ వెదకుటయే విద్య. గొలుసు సైకిలు షాపున, చెక్క వడ్రంగి కొట్టమున దొరకును. లెక్క గ్రంథాలయమున దొరకును. మూడును కలిసిననాడు బాలుని బండి తన త్రోవను తానే పరచుకొనును.